ఐదు నెలల క్రితం టైప్ 1 షుగర్ బయటపడిన బాబుని కొత్త మందుల ట్రయల్‌లో చేర్చవచ్చా?

గుంటూరు నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. బాబుకి 11 ఏళ్లు, బరువు 30 కిలోలు. ఐదు నెలల క్రితం కీటోయాసిడోసిస్‌తో (ఇన్సులిన్ లేక రక్తంలో కీటోన్స్ అనే ఆమ్లాలు పేరుకోవడం) ఆసుపత్రిలో చేర్పిస్తే టైప్ 1 అని తేలింది. మొదట్లో రోజుకి 26 యూనిట్లు పట్టిన ఇన్సులిన్ ఇప్పుడు 12 యూనిట్లకి దిగింది, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.8 ఉంది. స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే ఇన్సులిన్ మానేయొచ్చని, కొన్ని లక్షలవుతుందని ఒకరు చెప్పారు. అమెరికాలో 14 రోజులు సెలైన్‌లా ఎక్కించే మందు వచ్చిందని ఇంకొకరు వాట్సాప్‌లో పంపారు. ట్రయల్‌లో చేరిస్తే ఉచితంగా నయమవుతుందా, పిల్లాణ్ణి ప్రయోగానికి అప్పగించినట్టవుతుందా, ఎనిమిదేళ్ల చెల్లెలికి కూడా వస్తుందా అని ఆయన అడుగుతున్నారు. విజయవాడలో షుగర్ మందుల ట్రయల్స్ పని చూసే మనిషిగా నాకు తెలిసినంతవరకు వివరంగా చెబుతాను.

ముందు సూటిగా జవాబు. 11 ఏళ్ల పిల్లాడికి ఇన్సులిన్ మాన్పించగలదని రుజువైన మందు ఈ రోజు ట్రయల్‌లోనూ లేదు, మార్కెట్‌లోనూ లేదు. క్లోమంలో మిగిలిన కణాలని కాపాడే మందుల ట్రయల్స్ కొత్తగా జబ్బు బయటపడ్డవాళ్లనే తీసుకుంటాయి. వాటిలో చాలావాటికి మీ బాబు విషయంలో గడువు ఇప్పటికే దాటిపోయింది. కొత్త ఇన్సులిన్లు, సీజీఎం (ఒంటికి అంటించి షుగర్‌ని నిరంతరం కొలిచే పరికరం), ఇన్సులిన్ పంపు లాంటి వాటి మీద జరిగే ట్రయల్స్‌కి బాబు సరిపోవచ్చు. కాగితాలు చదివి, ప్రశ్నలన్నీ అడిగి చేర్పిస్తే అందులో తప్పులేదు. డబ్బు అడిగే స్టెమ్ సెల్ వైద్యం జోలికి మాత్రం వెళ్లకండి. ఇక ఆ 14 రోజుల మందు సంగతి. మీ ఇంట్లో దాని అవసరం ఎవరికైనా పడే అవకాశం ఉంటే అది బాబుకి కాదు, చెల్లెలికి. ఆ పాపకి ముందు రక్తపరీక్ష చేయించాలి.

ఇప్పుడు కారణాలు.

26 నుంచి 12 యూనిట్లకి తగ్గడం నయం కావడం కాదు. దీన్ని డాక్టర్లు హనీమూన్ దశ అంటారు. జబ్బు బయటపడే నాటికి, క్లోమంలో ఇన్సులిన్ చేసే బీటా కణాల్లో చాలా భాగం ఒంటి రోగనిరోధక శక్తి దాడికి పోయి ఉంటుంది, మిగిలినవి అధిక షుగర్ దెబ్బకి పని మానేసి ఉంటాయి. బయటి నుంచి ఇన్సులిన్ అందగానే వాటికి కాస్త ఊపిరి ఆడి మళ్లీ పని మొదలెడతాయి. ఈ దశలో ఉన్నారో లేదో తెలుసుకోడానికి ఒక లెక్క ఉంది. రోజు మొత్తం ఇన్సులిన్‌ని బరువుతో భాగించి, నాలుగుతో గుణించి, దానికి హెచ్‌బీఏ1సీ కలపాలి. 9 లేదా అంతకన్నా తక్కువ వస్తే హనీమూన్. మీ బాబుకి 12ని 30తో భాగిస్తే 0.4, నాలుగు రెట్లు 1.6, దానికి 6.8 కలిపితే 8.4. అంటే ఇప్పుడు సరిగ్గా ఆ దశలోనే ఉన్నాడు.

ఇది కొందరికి నెలలు, కొందరికి ఏడాది పైన ఉంటుంది. ఆ తర్వాత ఇన్సులిన్ అవసరం మళ్లీ పెరుగుతుంది. పసరు మందులు, పొడులు, "సెల్ థెరపీ" అమ్మేవాళ్లకి కలిసొచ్చేది ఈ కొద్ది నెలలే. ఆ సమయంలో ఏది ఇచ్చినా ఇన్సులిన్ తగ్గినట్టే కనబడుతుంది, పేరు ఆ మందుకి పోతుంది. ఆ నమ్మకంతో ఇన్సులిన్ పూర్తిగా ఆపేస్తే ఒకటి రెండు రోజుల్లోనే కీటోన్స్ పెరిగి పిల్లలు ఐసీయూలో పడతారు. హనీమూన్‌లో డోసు బాగా తగ్గించాల్సి రావచ్చు, కానీ సున్నా చేయకూడదు. ఎంత తగ్గించాలన్నది మీ డాక్టరు గారే చెప్పాలి.

ఈ హనీమూన్ ఉండబట్టే ట్రయల్‌లో ప్లాసిబో గ్రూపు, అంటే మందు లేని డమ్మీ ఇచ్చే గ్రూపు, తప్పనిసరి అవుతుంది. అది లేకుండా "మా మందు వాడిన 20 మంది పిల్లల్లో 15 మందికి ఇన్సులిన్ తగ్గింది" అని ఎవరైనా చెబితే దానికి విలువ లేదు. ఏ మందూ వాడకపోయినా చాలామందికి తగ్గేది. డమ్మీ వచ్చిన పిల్లాడికి కూడా ఇన్సులిన్ మామూలుగానే అందుతుంది. నిఖార్సైన టైప్ 1 ట్రయల్ ఏదీ ఇన్సులిన్ ఆపమని అడగదు. అడిగారంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

కొత్త మందులు నిజంగా ఏం సాధించాయో అంకెల్లో చూస్తే ఆశ ఎంతవరకు పెట్టుకోవాలో అర్థమవుతుంది. ఈ ట్రయల్స్ కొలిచేది సీ-పెప్టైడ్. మన క్లోమం ఇన్సులిన్ చేసిన ప్రతిసారీ దాంతోపాటు అంతే సంఖ్యలో సీ-పెప్టైడ్ అణువులు బయటికొస్తాయి. బయటినుంచి పొడిచే ఇన్సులిన్‌లో అది ఉండదు. అందుకే ఒంట్లో సొంత ఇన్సులిన్ ఎంత మిగిలిందో అది చెబుతుంది. ఆహారం తీసుకున్నాక సీ-పెప్టైడ్ లీటరుకి 0.2 నానోమోల్ పైన ఉన్నవాళ్లకి, అంటే మన ల్యాబ్ రిపోర్టుల లెక్కలో మిల్లీలీటరుకి 0.6 నానోగ్రాముల పైన ఉన్నవాళ్లకి, తీవ్రమైన లో షుగర్, కంటి దెబ్బ తక్కువని 1983 నుంచి 1993 దాకా 1441 మందిపై సాగిన డీసీసీటీ అధ్యయనం చూపించింది. ఇన్సులిన్ మానలేకపోయినా, ఉన్న కొద్దిపాటి కణాలు నిలబెట్టుకోవడం విలువైనదే.

బారిసిటినిబ్ అనే మాత్ర తీసుకోండి. కీళ్లవాతానికి వాడే మందు ఇది. ఆస్ట్రేలియాలో జరిగిన బాండిట్ ట్రయల్ ఫలితాలు 2023 డిసెంబరులో వచ్చాయి. 10 నుంచి 30 ఏళ్ల వయసువాళ్లు 91 మంది, అందరూ జబ్బు బయటపడి 100 రోజులు దాటనివాళ్లు. రోజుకి 4 మిల్లీగ్రాముల చొప్పున 48 వారాలు వాడారు. చివర్లో సీ-పెప్టైడ్ మందు గ్రూపులో లీటరుకి 0.65 నానోమోల్, ప్లాసిబోలో 0.43. రోజువారీ ఇన్సులిన్ కిలోకి 0.41 యూనిట్లు, ప్లాసిబోలో 0.52. హెచ్‌బీఏ1సీలో పెద్ద తేడా లేదు. 30 కిలోల పిల్లాడి లెక్కలో చెప్పాలంటే రోజుకి పన్నెండుంపావు యూనిట్లు, పదిహేనున్నర యూనిట్లు. తేడా మూడు యూనిట్ల పైన. మందు ఆపేశాక ఆ లాభం కూడా కరిగిపోయింది. శాస్త్రం దృష్టిలో ఇది మంచి విజయం, ఎందుకంటే దాడిని ఒక మాత్రతో నెమ్మదింపజేయవచ్చని తెలిసింది. తల్లిదండ్రులు అనుకునే "నయం" మాత్రం ఇది కాదు.

వాట్సాప్‌లో వచ్చిన 14 రోజుల మందు పేరు టెప్లిజుమాబ్. బీటా కణాలపై దాడి చేసే టీ కణాలని (ఒక రకం రోగనిరోధక కణాలు) శాంతపరిచే యాంటీబాడీ మందు. 2022 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. కానీ దేనికి? ఇంకా జబ్బు బయటపడని, రెండో దశలో ఉన్న (ఈ దశలేమిటో చెల్లెలి సంగతి దగ్గర చెబుతాను), ఎనిమిదేళ్లు నిండినవాళ్లకి, జబ్బుని వాయిదా వేయడానికి. ఇప్పటికే ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకి కాదు. ఆ అనుమతికి ఆధారమైన ట్రయల్‌లో 76 మంది, టైప్ 1 ఉన్నవాళ్ల రక్తసంబంధీకులు. 2019లో ప్రచురించిన లెక్క ప్రకారం మందు తీసుకున్నవాళ్లలో జబ్బు బయటపడటానికి మధ్యస్థంగా 48.4 నెలలు పట్టింది, ప్లాసిబోలో 24.4 నెలలు. దాదాపు రెండేళ్ల వాయిదా. అమెరికాలో ప్రకటించిన ధర 14 వయల్స్‌కి 1,93,900 డాలర్లు.

కొత్తగా బయటపడిన పిల్లల్లోనూ అదే మందుని ప్రయత్నించారు. ప్రొటెక్ట్ అనే ట్రయల్, 8 నుంచి 17 ఏళ్ల పిల్లలు 328 మంది, జబ్బు తెలిసిన ఆరు వారాల లోపు చేరాలి. సీ-పెప్టైడ్ బాగా నిలబడింది. ఇన్సులిన్ డోసులోనూ, హెచ్‌బీఏ1సీలోనూ మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బీపీకి వాడే వెరాపమిల్ మాత్రని 7 నుంచి 17 ఏళ్ల పిల్లలు 88 మందిలో పరీక్షిస్తే 52 వారాల్లో సీ-పెప్టైడ్ 30 శాతం ఎక్కువగా ఉంది. అక్కడ గడువు 31 రోజులే. ఈ మాత్ర చవక, ప్రతి మందుల షాపులో ఉంటుంది కాబట్టి సొంతంగా మొదలుపెడదామనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. అది గుండె కొట్టుకునే లయనీ బీపీనీ మార్చే మందు. ట్రయల్‌లో ఈసీజీ చూసుకుంటూ, బరువుని బట్టి మెల్లగా పెంచుతూ ఇచ్చారు.

31 రోజులు, ఆరు వారాలు, 100 రోజులు. గడువులు ఇలా ఉంటాయి. మీ బాబుకి ఐదు నెలలు. ఆలస్యం చేశామని బాధపడనవసరం లేదు. పిల్లలకి ఈ జబ్బు బయటపడిన మొదటి వారాలు ఐసీయూ, సూదులు నేర్చుకోవడంతోనే గడిచిపోతాయి. ఇది చదివే మిగతా తల్లిదండ్రులకి మాత్రం ఒక మాట. కొత్తగా తేలిన నెలలోపే మీ ఎండోక్రైనాలజిస్టుని "ఇప్పుడు చేరగల ట్రయల్ ఏమైనా ఉందా" అని అడగండి. రెండు నెలల తర్వాత అడిగితే తరచూ లాభముండదు.

స్టెమ్ సెల్స్ సంగతి. ఇందులో నిజమూ ఉంది, దాన్ని చూపించి జరిగే మోసమూ ఉంది. రెండిటినీ వేరు చేసి చూడాలి.

నిజం ఏమిటంటే, వెర్టెక్స్ కంపెనీ జిమిస్లెసెల్ అనే చికిత్సని పరీక్షిస్తోంది. స్టెమ్ సెల్స్ నుంచి ల్యాబ్‌లో తయారుచేసిన ఐలెట్ కణాలు (బీటా కణాలుండే గుంపులు) 80 కోట్లని కాలేయానికి వెళ్లే పోర్టల్ సిరలోకి ఎక్కిస్తారు. 2025 జూన్‌లో వచ్చిన ఫలితాల్లో, పూర్తి డోసు తీసుకున్న 12 మందిలో 10 మంది ఏడాదికల్లా ఇన్సులిన్ అవసరం లేకుండా ఉన్నారు. గొప్ప విషయమే. కానీ వాళ్లంతా పెద్దవాళ్లు, లో షుగర్ వచ్చినా తెలియక స్పృహ తప్పి ప్రాణాపాయం దాకా వెళ్లినవాళ్లు. ఎక్కించిన కణాలని ఒళ్లు తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతూనే ఉండాలి. ఆ అధ్యయనంలో ఇద్దరు చనిపోయారు. వారిలో ఒకరికి మెదడు పొరలకి క్రిప్టోకాకస్ అనే ఫంగస్ ఇన్ఫెక్షన్ సోకింది. 12 యూనిట్లతో హాయిగా బడికి వెళ్లే పిల్లాడికి ఈ బేరం ఏ డాక్టరూ ఒప్పుకోడు.

చైనాలో త్యాన్‌జిన్‌లోని 25 ఏళ్ల అమ్మాయి కథ కూడా తరచూ ఫార్వర్డ్ అవుతుంటుంది. ఆమె సొంత కణాల నుంచి తయారుచేసిన ఐలెట్లని పొట్ట కండరం కింద పెడితే 75 రోజులకి ఇన్సులిన్ అవసరం తీరింది, 2024లో ప్రచురించారు. ఫార్వర్డ్‌లో చెప్పనిది ఏమిటంటే, ఆమెకి అంతకు ముందే కాలేయ మార్పిడి జరిగి రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతోంది. స్వీడన్‌లోని ఉప్సలాలో ఆ మందులు లేకుండానే, జన్యువులు సవరించిన ఐలెట్లని ఒక మనిషి ముంజేతి కండరంలో పెట్టారు. కణాలు బతికాయి, కొద్దిగా సీ-పెప్టైడ్ కూడా వచ్చింది. పెట్టింది తక్కువ మోతాదు కావడంతో ఆయన ఇన్సులిన్ తీసుకుంటూనే ఉన్నారు. నన్నడిగితే వచ్చే పదేళ్లలో అసలైన మార్పు ఈ దారిలోనే వస్తుంది. అప్పటిదాకా బాబు కళ్లు, కిడ్నీలు బాగుండేలా చూసుకోవడమే దానికి సరైన సన్నాహం.

ఇక లక్షలు అడిగే చోట జరిగేది వేరు. బొడ్డుతాడు నుంచో, కొవ్వు నుంచో, ఎముక మజ్జ నుంచో తీసిన కణాలని చేతి సిరలో ఎక్కిస్తారు. అవి బీటా కణాలు కావు. జాతీయ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ శాఖ కలిసి 2017లో ఇచ్చిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ వ్యాధుల వంటి వాటికి చేసే రక్త మూలకణాల మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ వాడకం అంతా పరిశోధన కిందికే వస్తుంది. అనుమతి ఉన్న ట్రయల్‌లోనే చేయాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. బిల్లు ఇచ్చారంటే అది ట్రయల్ కాదు. సూర్యారావుపేటలోనైనా, గుంటూరు కొత్తపేటలోనైనా, హైదరాబాద్‌లోనైనా, కార్పొరేట్ బోర్డు ఉన్నా ఇదే కొలమానం.

బాబుకి నిజంగా దొరికే అవకాశం ఉన్నవి చాలావరకు ఇన్సులిన్ ట్రయల్స్: ఉన్న ఇన్సులిన్‌కి బయోసిమిలర్లు (వేరే కంపెనీ అదే తీరులో చేసినవి), త్వరగా పనిచేసేవి, వారానికోసారి వేసుకునేవి, లేదా పరికరాలు. వీటిలో కూడా "కొత్తది కాబట్టి మంచిది" అనుకోకండి. వారానికోసారి వేసుకునే ఐకోడెక్ ఇన్సులిన్‌ని 582 మంది టైప్ 1 పెద్దవాళ్లలో పరీక్షించారు. హెచ్‌బీఏ1సీ విషయంలో, రోజూ వేసుకునే డెగ్లుడెక్ ఇన్సులిన్‌కి తీసిపోలేదు. లో షుగర్లు మాత్రం, ముఖ్యమైనవీ తీవ్రమైనవీ కలిపి, ఒక్కొక్కరికి ఏడాదికి 19.9 చొప్పున వచ్చాయి, డెగ్లుడెక్‌తో 10.4. వారానికి ఒక సూదే అన్న సుఖం ఒకవైపు, దాదాపు రెట్టింపు లో షుగర్లు ఇంకోవైపు. పరుగులు పెట్టి ఆడుకునే పిల్లాడికి ఇది ఆలోచించాల్సిన విషయం. ట్రయల్స్ ఉన్నదే ఇలాంటివి బయటపెట్టడానికి.

ట్రయల్ అసలైనదో కాదో ఇంట్లోంచే చూసుకోవచ్చు. మన దేశంలో 2009 జూన్ 15 నుంచి ప్రతి ట్రయల్‌నీ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. ఆ వెబ్‌సైట్ అందరికీ తెరిచే ఉంటుంది. ట్రయల్ సెర్చ్‌లో టైప్ 1 డయాబెటిస్ అని కొట్టండి. వచ్చిన ప్రతి రికార్డులో చూడాల్సినవి: చేర్చుకునే వయసు, జబ్బు తెలిసి ఎంతకాలమై ఉండాలి, ఏయే ఊళ్లలో ఏ ఆసుపత్రులు, అక్కడి ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో చేరేవాళ్ల రక్షణ చూసే సంఘం) అనుమతి వచ్చిందా పెండింగా, దేశ మందుల నియంత్రణాధికారి డీసీజీఐ అనుమతి ఉందా, ఇంకా చేర్చుకుంటున్నారా. ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. సీటీఆర్ఐ నంబరు ఉన్నంత మాత్రాన ప్రభుత్వం ఆ మందుని ఆమోదించినట్టు కాదు, అది నమోదు మాత్రమే. కొత్త మందు అయ్యుండి డీసీజీఐ గడిలో "వర్తించదు" అని ఉంటే ఎందుకని అడగండి.

విజయవాడ, గుంటూరు పేర్లు కనబడకపోతే హైదరాబాద్ చూడండి, కానీ ఎన్ని విజిట్లు ఉన్నాయో ముందు లెక్కేసుకోండి. విజయవాడ నుంచే 275 కిలోమీటర్లు. మొదటి రెండు మూడు నెలలు రెండు వారాలకోసారి రమ్మనే ప్రోటోకాల్స్ (ట్రయల్ నడిపే నియమాలు) ఉంటాయి. ప్రయాణ ఖర్చులు ఇవ్వడం మామూలే, ఎంతిస్తారన్నది ఎథిక్స్ కమిటీ ఆమోదించిన కాగితంలో ఉంటుంది. బస్సు టిక్కెట్లు దాచుకోండి.

అంగీకార పత్రం దగ్గర తొందరపడకండి. 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం సమాచార పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. తెలుగు ప్రతి అడగండి, ఇంటికి తీసుకెళ్లి చదవండి, సంతకం చేశాక ఒక కాపీ మీ దగ్గర ఉండాలి. పిల్లల విషయంలో తల్లి లేదా తండ్రి సంతకంతో పాటు పిల్లాడి ఒప్పుదల కూడా తీసుకోవాలి. 12 ఏళ్ల లోపు నోటిమాటగా, ఆ పైన రాతపూర్వకంగా. కొత్త అణువు మీద ట్రయల్ అయితే, చేరేది పిల్లల లాంటివాళ్లయితే, ఈ సంభాషణ మొత్తం ఆడియో, వీడియో రికార్డు చేస్తారు. కెమెరా చూసి కంగారు పడకండి, అది మీ రక్షణకే. బాబు వద్దంటే వద్దు. బతిమాలి, బొమ్మ కొనిపెడతామని ఒప్పించిన పిల్లలు మూడో విజిట్‌కి మొరాయిస్తారు.

పత్రంలో వేలు పెట్టి అడగాల్సినవి మరికొన్ని:

ట్రయల్ మందు ఉచితం సరే, దానితోపాటు వాడే రెండో ఇన్సులిన్, స్ట్రిప్స్, కీటోన్ స్ట్రిప్స్ ఎవరిస్తారు? కొన్ని ట్రయల్స్ అన్నీ ఇస్తాయి, కొన్ని ఇవ్వవు.

ట్రయల్ వల్ల హాని జరిగితే? నిబంధనల ప్రకారం వైద్యం ఉచితంగా చేయించాలి. ట్రయల్ వల్లే అని తేలితే పరిహారం ఇవ్వాలి. ప్రాణనష్టం జరిగితే లెక్కకి సూత్రమే ఉంది. 8 లక్షల మూల మొత్తాన్ని వయసు, అప్పటికున్న ప్రమాద స్థాయిని బట్టి హెచ్చిస్తారు. తీవ్రమైన సంఘటన ఏది జరిగినా డాక్టరు 24 గంటల్లోపు పైవాళ్లకి తెలపాలి. అందుకే బాబుని రాత్రిపూట వేరే ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినా వెంటనే ట్రయల్ డాక్టరుకి ఫోన్ చేయండి, డిశ్చార్జ్ సమ్మరీ పారేయకండి.

ట్రయల్ అయిపోయాక ఆ మందు దొరుకుతుందా? ట్రయల్ తర్వాత మందు ఉచితంగా ఇచ్చే వీలు నిబంధనల్లో ఉంది, కానీ అది వేరే చికిత్స లేని పరిస్థితులకి. ఇన్సులిన్‌కి ప్రత్యామ్నాయాలు ఉన్నాయి కాబట్టి ఆశ పెట్టుకోవద్దు. పాత ఇన్సులిన్‌కి ఎలా మారాలో, ఎంత డోసుతో మొదలెట్టాలో చివరి విజిట్‌లోనే రాయించుకోండి. మధ్యలో మానుకోవాలంటే కారణం చెప్పనవసరం లేదు, మామూలు వైద్యం ఆగదు.

చేరేముందు స్క్రీనింగ్‌లో ఆగిపోయేవాళ్లే ఎక్కువ, కారణాలు దాదాపు ఎప్పుడూ అవే. రోగనిరోధక మందుల ట్రయల్ అయితే టీబీ పరీక్ష, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ పరీక్షలు చేస్తారు. మన దగ్గర ఇంట్లో తాతకో, అమ్మమ్మకో టీబీ ఉండి పిల్లాడిలో నిద్రాణంగా ఉండటం అరుదేమీ కాదు. అణచే మందులు ఇస్తే అది లేస్తుంది. టెప్లిజుమాబ్ విషయంలో హిమోగ్లోబిన్ 10 కన్నా తక్కువున్నా, లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) మైక్రోలీటరుకి వెయ్యి కన్నా తక్కువున్నా ఇవ్వకూడదు. లైవ్ వ్యాక్సిన్లు ఎనిమిది వారాల ముందే పూర్తికావాలి, కాబట్టి టీకాల కార్డు వెంట ఉంచుకోండి. రక్తహీనత ఉంటే ఇంకో చిక్కు కూడా ఉంది. ఐరన్ లోపంలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

యాంటీబాడీ పరీక్ష, అంటే బీటా కణాలపై ఒంటి సొంత దాడికి గుర్తులు రక్తంలో చూసే పరీక్ష, రిపోర్టు లేకపోతే అదొక అడ్డంకి. జీఏడీ, ఐఏ-2, జింక్ ట్రాన్స్‌పోర్టర్ 8 యాంటీబాడీల్లో ఒక్కటైనా పాజిటివ్ ఉంటే, షుగర్ ఇప్పటికే బయటపడ్డ పిల్లాడికి అది టైప్ 1 అని ఖాయం. నాలుగోదైన ఇన్సులిన్ యాంటీబాడీని ఇన్సులిన్ మొదలుపెట్టిన రెండు వారాల తర్వాత చేయించి లాభం లేదు, పొడిచిన ఇన్సులిన్‌కే ఒంట్లో యాంటీబాడీలు వస్తాయి. ఇప్పుడు బాబుకి దానికోసం డబ్బు పెట్టకండి. ప్రీమిక్స్‌డ్ 30/70 ఇన్సులిన్ మీద ఉన్న పిల్లలని చాలా ట్రయల్స్ తీసుకోవు, బేసల్-బోలస్ పద్ధతిలోకి (రోజంతా పనిచేసేది ఒకటి, భోజనానికి త్వరగా పనిచేసేది వేరుగా) మారి ఉండాలి. ట్రయల్ కోసం కాకపోయినా, వీలైతే ఆ మార్పు బాబుకి మంచిదే.

సీ-పెప్టైడ్ కొలిచే మిక్స్‌డ్ మీల్ పరీక్ష ఎలా ఉంటుందో చెబుతాను. అన్నిటికన్నా ఎక్కువగా చెడిపోయేది అదే. రాత్రి భోజనం తర్వాత ఎనిమిది నుంచి పది గంటలు ఖాళీ కడుపు, మంచినీళ్లు తాగొచ్చు. రాత్రి వేసే బేసల్ ఇన్సులిన్ మామూలుగా వేయాలి. త్వరగా పనిచేసే ఇన్సులిన్ పరీక్షకి రెండు గంటల ముందు వరకే, రెగ్యులర్ ఇన్సులిన్ అయితే ఆరు గంటల ముందు వరకే. పొద్దున చేతికి క్యాన్యులా పెట్టి షుగర్ చూస్తారు. 70 నుంచి 200 మధ్య ఉంటేనే మొదలెడతారు. తర్వాత కిలోకి 6 మిల్లీలీటర్ల చొప్పున తియ్యటి పోషక పానీయం, గరిష్ఠంగా 360 మిల్లీలీటర్లు. మీ బాబుకి 180. ఐదు పది నిమిషాల్లో తాగేయాలి. ఆపైన 15, 30, 60, 90, 120 నిమిషాలకి రక్తం తీస్తారు, కొన్ని ట్రయల్స్‌లో నాలుగు గంటలు సాగుతుంది.

చెడిపోయేది ఇలా. తెల్లవారుజామున షుగర్ 240 ఉందని తల్లి కంగారుపడి రెండు యూనిట్లు వేస్తుంది, దాంతో పరీక్ష వాయిదా. లేదా గుంటూరులో ఐదింటికి బస్సెక్కి వస్తుంటే దారిలో లో అయ్యి గ్లూకోజ్ ఇవ్వాల్సి వస్తుంది. అలాంటప్పుడు లో షుగర్‌కి వైద్యమే ముందు, పరీక్ష ఎప్పుడైనా చేసుకోవచ్చు, భయపడి దాచకండి. పిల్లాడు పానీయాన్ని అరగంటసేపు చప్పరిస్తే ఫలితం పనికిరాదు. చల్లగా ఇస్తే తాగడం తేలిక. సీ-పెప్టైడ్ త్వరగా పాడవుతుంది కాబట్టి శాంపిల్‌ని వెంటనే ఐసులో పెట్టి తిప్పి వేరుచేయాలి. అది ల్యాబ్ పని, కానీ మొదలెట్టే ముందు అక్కడ ఐసు పెట్టె ఉందో లేదో చూసే హక్కు మీకుంది. ముందురోజే వచ్చి బంధువుల ఇంట్లో ఉంటే సగం ఇబ్బందులు తీరతాయి.

ఎండాకాలం గురించి వేరుగా చెప్పాలి. ట్రయల్ ఇన్సులిన్ తెరవనివి 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. మే నెలలో కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కితే, లేదా ఫ్రీజర్ గోడకి తగిలి గడ్డకడితే, ఆ పెన్ను వాడకుండా పక్కన పెట్టి ఫోన్ చేయండి. వాళ్లు తిడతారని పారేయకండి, ఖాళీ పెన్నులు కూడా లెక్కకి తిరిగివ్వాలి. ఫ్రిజ్ డోరులో కాకుండా మధ్య అరలో డబ్బాలో పెట్టండి. చెమటకి సీజీఎం ప్యాచ్ ఊడిపోతుంది. స్నానం చేసిన వెంటనే అంటించకుండా చర్మం పూర్తిగా ఆరాక పెట్టి, పైన అదనపు టేపు వేయండి. మార్చి, ఏప్రిల్‌లో పరీక్షలుంటాయని మొదటి విజిట్‌లోనే చెబితే, ప్రోటోకాల్ ఇచ్చే కొద్ది రోజుల వెసులుబాటులో తేదీలు సర్దుతారు.

ఇక చెల్లెలు. టైప్ 1 ఉన్న పిల్లల తోబుట్టువులకి ఆ జబ్బు వచ్చే అవకాశం వందలో సుమారు ఐదారుగురికి, మామూలు జనంలో వెయ్యికి నలుగురి లోపే. అంటే రాకపోయే అవకాశమే చాలా ఎక్కువ. అయినా నాలుగు యాంటీబాడీలూ ఒకసారి చేయించండి. పాపకి ఇన్సులిన్ ఇవ్వడం లేదు కాబట్టి ఇన్సులిన్ యాంటీబాడీ కూడా ఇక్కడ పనికొస్తుంది. ఒక్కటే పాజిటివ్ వస్తే భయపడకండి, కొన్ని వారాల తర్వాత కొత్త శాంపిల్‌తో మళ్లీ చేయించాలి. రెండు లేదా ఎక్కువ వచ్చి షుగర్ మామూలుగా ఉంటే మొదటి దశ, ఐదేళ్లలో జబ్బు బయటపడే అవకాశం సుమారు 44 శాతం. రెండు యాంటీబాడీలతో పాటు పరగడుపు షుగర్ 100 నుంచి 125, లేదా గ్లూకోజ్ తాగిన రెండు గంటలకి 140 నుంచి 199 ఉంటే రెండో దశ, ఆ అవకాశం 75 శాతం. టెప్లిజుమాబ్ అనుమతి పొందిందీ, జబ్బుని ఆపే ట్రయల్స్ ఎక్కువగా వెతికేదీ ఈ దశలో ఉన్నవాళ్ల కోసమే. రిపోర్టు అలా వస్తే ఆలస్యం చేయకుండా ఎండోక్రైనాలజిస్టుకి చూపించండి, ఆ రోజే సీటీఆర్ఐలో మళ్లీ వెతకండి.

నాలుగూ నెగటివ్ వస్తే ఇప్పటికి నిశ్చింత. అప్పుడు కూడా పాప ఎప్పుడైనా ఎక్కువగా నీళ్లు తాగుతూ, రాత్రిళ్లు లేచి మూత్రానికి వెళ్తూ, బరువు తగ్గుతుంటే అన్నయ్య గ్లూకోమీటరుతో వెంటనే చూడండి. 200 దాటితే మర్నాటికి ఆగకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.